జీడినూనె పూసిన పికప్

“నీ గిటారు మోగితే రేకుడబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టున్నాది బావా!” అన్నాడు వైకుంఠరావు. అదీ దసరా ముందు, రిహార్సల్లో, అందరి ముందూ. పాడే ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. బైరాగికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి! వైకుంఠరావు దారినపోయే దానయ్య కాదు, బైరాగి పెళ్ళాం గౌరీశ్వరికి స్వయానా అన్న. పలాస, టెక్కలి చుట్టుపక్కల ఏ ఊళ్ళో అమ్మవారి సంబరం జరిగినా, ఏ కామందు ఇంట పెళ్ళి రిసెప్షనైనా స్టేజీ ఎక్కి పాటలు పాడే ఆర్కెస్ట్రా అతనిది. ఆ ఆర్కెస్ట్రా పుట్టిననాడు అతని దగ్గరున్నవేమిటి? ఒక మైకు, ఒక అరువు డోలక్, బైరాగి గిటారు. అప్పుడు ఈ రేకుడబ్బాయే గతి. ఇప్పుడు పెద్ద కీబోర్డు కొన్నాడు. సోంపేటలో పిల్లలకు సంగీతం నేర్పే సునీల్‌ని తెచ్చి దాని ముందు నిలబెట్టాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం మనిషికి అంతకన్నా ఏం కావాలి?

“సౌండు బాగుసేసుకో. లేకపోతే గిటారు బిట్లన్నీ సునీలు కీబోర్డు మీదే లాగించేత్తాడు. సెప్పలేదనుకోకు” అన్నాడు వైకుంఠరావు.

“కీబోర్డు మీద గిటారేటి? ఫోటోలో అన్నం తింటే కడుపు నిండుతాదేటి?” అని బైరాగి గిటారు భుజాన వేసుకుని బయటకొచ్చేశాడు. చెప్పులు అక్కడే మర్చిపోయాడు. తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్ళడం నామోషీ అనిపించి, కాశీబుగ్గ బజారంతా ఎండలో వట్టికాళ్ళతో నడిచాడు.

బైరాగి అంటే ఆ బజారులో తెలియనివాడు లేడు. కాలిపోయిన ఫ్యాన్లకీ బోరు మోటార్లకీ కొత్తగా రాగితీగ చుట్టే వైండింగ్ షాపు అతనిది. ఉద్దానం తోటల్లో కొబ్బరిచెట్లకు నీళ్ళు పోసే మోటార్లు సగం అతని చేతిమీద నుంచి వెళ్ళినవే. పని బంగారం, నోరు చేటంత. “ఎప్పుడిత్తావు బైరాగీ?” అని రెండోసారి అడిగినవాడి చేతిలో విప్పిన ఫ్యాను పెట్టి, “నువ్వే సుట్టుకో” అనేవాడు. తిట్టుకుంటూనే జనం మళ్ళీ అతని దగ్గరకే వచ్చేవారు. ఇన్ని తిట్లూ ఎందుకు పడతారంటే, అతను చుట్టింది ఓ పట్టాన కాలదు.

ఆ కోపిష్టి మనిషి మెత్తబడేది ఒక్క గిటారు దగ్గరే. పలాస రైల్వే కాలనీలో ఒక గార్డు దగ్గర నేర్చుకున్న విద్య అది. పగలంతా గ్రీజు చేతులు. సాయంత్రం స్టేజీ ఎక్కి, పాట మధ్యలో గిటారు బిట్టు వచ్చినప్పుడు ఊరంతా తనవైపు తిరిగే ఆ కాసేపూ అతను వేరే మనిషి. ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా బతికేవాడంటే అబద్ధం కాదు. ఇప్పుడు ఆ కాసేపటినే కీబోర్డుకి రాసిచ్చేస్తానంటున్నాడు బావ.

ఎలక్ట్రిక్ గిటారుకి ప్రాణం కర్రలో ఉండదు. తీగల కింద పికప్ అని చిన్న దిమ్మ ఒకటి ఉంటుంది. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ, లెక్కలేనన్ని చుట్లు. పైన తీగ వణికితే ఆ వణుకుని కరెంటుగా మార్చి బాక్సులకు పంపేది అదే. అది మారితే గొంతే మారిపోతుంది. కాబట్టి రోగమంతా అందులోనే ఉందని బైరాగి తీర్మానించాడు. మోటార్ల మనిషి కదా, చుట్టలో కాక ఇంకెక్కడ వెతుకుతాడు?

మొదట విశాఖపట్నం నుంచి జోడు చుట్టల పికప్ తెప్పించాడు. అంతకుముందు గుయ్యిమనే గోల పోయింది గానీ గొంతుకి దుప్పటి కప్పినట్టయింది. దాన్ని పీకి ఇంకోటి పెట్టాడు. అది చెవిలో సూది. దాన్నీ పీకాడు. తర్వాత ఫోన్లో చూసి ఆర్డరిచ్చినది పెట్టెలో తళతళా మెరుస్తూ వచ్చింది, విప్పి చూస్తే అయస్కాంతానికి మేకు కూడా అతుక్కోలేదు. పార్సిలు తెచ్చిన మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేశాడు. పాపం వాడేం చేశాడు? పార్సిలు మోశాడు, అంతే.

ఇంట్లో అన్నం తినే పీటమీద స్క్రూలు, పొయ్యి గట్టు మీద సాల్డరింగ్ ఐరన్. గౌరీశ్వరి పొద్దంతా జీడి బట్టీలో పప్పుమీద పొర తీసే పని చేసి, వేళ్ళు పీక్కుపోతూ ఇంటికొచ్చేది. వచ్చేసరికి కంచంలో రాగితీగ ముక్కలు.

“ఆడలేనమ్మ మద్దెల ఓడన్నాదట” అంది ఒకరోజు.

కంచం గోడకి తగిలింది. మెతుకులు కిటికీదాకా వెళ్ళాయి. ఆమె చీపురు తెచ్చింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు కూడా.

ఒక విచిత్రం మాత్రం జరిగింది. దసరా తర్వాత వైకుంఠరావు నోరు మూతబడింది. రేకుడబ్బా అనలేదు, కీబోర్డు అనలేదు. సీజను మొదలైతే రిహార్సళ్ళు ఉండవు, ఊరికి ఊరు తిరగడమే. కొత్త పికప్ పెట్టిన ప్రతిసారీ స్టేజీ మీద తేడా స్పష్టంగా తెలుస్తోందని బైరాగి మురిసిపోయేవాడు. బాక్సులూ మిక్సరూ చూసుకునే పెంటయ్యని, “ఎలగున్నాదిరా?” అని అడిగేవాడు. పెంటయ్య తల అటూ ఇటూ కాకుండా ఊపేవాడు.

బాగుపడుతున్నకొద్దీ ఆశ పెరుగుతుంది. బజారు సరుకు ఇంక వద్దని తానే చుట్టడానికి కూర్చున్నాడు. సన్నతీగ తెప్పించి, ఫ్యాన్లు చుట్టే మెషిన్ మీదే, ఊపిరి బిగబట్టి చుట్టాడు. షాపులో చిన్న బాక్సుకి పెట్టి మీటితే గొంతు తేనె. కానీ స్టేజీ మీద, పాటలకి ముందు చేసే చెకింగులో సౌండు పెంచగానే కుక్కని తొక్కినట్టు కూసింది. లోపలి చుట్లు బిగువు లేక వాటంతటవే వణుకుతున్నాయని అతనికి అర్థమైంది. మైనం కరిగించి పోశాడు. ఉద్దానం ఎండలో వ్యాను రేకు కింద పెట్టిన గిటారులో మైనం నిలుస్తుందా? కారి గిటారు కడుపంతా అంటుకుపోయింది.

అలా తిక్కలో ఉన్నవాడు ఒక మోటారు పనిమీద బారువ వెళ్ళాడు. రేవులో పడవని బోర్లించి చెక్కకి నల్లగా జీడినూనె పూస్తున్నారు. జీడిపిక్కల తొక్కలో నుంచి కారే నూనె అది. చెక్కకి పట్టిందంటే ఉప్పునీరు లోపలికి పోదు, పురుగు ముట్టదు. బైరాగి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎప్పుడో వార్నీషు దొరకనప్పుడు ఒక బోరు మోటారు చుట్టకి అదే నూనె కాచి పూసి చూశాడు. ఆ మోటారు ఇప్పటికీ తిరుగుతోంది. మరి పికప్ మోటారుకి చెల్లెలు కాదూ? మనవాళ్ళకి ఇదొక జబ్బు. పడవకైనా దూలానికైనా వాసానికైనా జీడినూనే.

గౌరీశ్వరి చేత బట్టీ నుంచి సీసాడు తెప్పించాడు.

“దానికి పూసినాక నీ నోటికి కూడా కాసింత పూసుకో” అంది ఆమె.

అతను వినిపించుకోలేదు. చుట్టని నూనెలో ముంచి ఆరబెట్టాడు. వేలికి అంటిన చోట చర్మం నల్లబడి ఊడింది, లెక్కచెయ్యలేదు. షాపులో మీటాడు. కూత పోయింది! “సూసినావా!” అని ఎదురుగా ఉన్న టీకొట్టువాడికి చెప్పాడు. వాడికేం తెలుస్తుంది, చూశానన్నాడు.

ఆ వారమే వజ్రపుకొత్తూరు అవతల ఒక ఊళ్ళో సంబరం. గౌరీశ్వరి కూడా వచ్చింది. వ్యాను టైరు పంక్చరై, చేరేసరికి దీపాలు పెట్టేశారు, జనం చాపలేసుకుని కూర్చున్నారు.

“సెకింగుకి టైము లేదు బావా. ప్లగ్గు పెట్టీ, నాను సూసుకుంటాను” అన్నాడు పెంటయ్య.

బైరాగి ప్లగ్గు పెట్టాడు. గిటారు వైరు దారిలో, శ్రుతి చూసుకునే ట్యూనర్ కాళ్ళ దగ్గర ఉంది. తీగ మీటితే దాని లైటు కదలాలి. కదల్లేదు. బ్యాటరీ పోయి ఉంటుందనుకుని, పెంటయ్య సౌండు తెరవకముందే తీగలకి చెవి ఆనించి సర్దుకున్నాడు. ఈలోగా పాట మొదలైంది.

గిటారు బిట్టు వచ్చింది. ఎదురుగా ఉన్న మానిటర్ బాక్సులోంచి వచ్చిన ఆ గొంతు విని బైరాగికి రోమాలు లేచాయి. గుండ్రంగా, నిండుగా, ఎక్కడా గోల లేదు. ఇన్నాళ్ళూ కలవరించింది అదే. రెండో చరణం ముందు వేలు జారి పక్క మెట్టుమీద పడింది కూడా, అయినా స్వరం సరిగ్గానే మోగింది. ఈవేళ నా తప్పు కూడా ఒప్పే అనుకుని కళ్ళు మూసుకుని వాయించాడు. ముందు చాపమీద గౌరీశ్వరి చప్పట్లు కొట్టింది.

పాటలయ్యాక ఆ ఊరి పెద్దరైతు రామూర్తి స్టేజీ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “ఏటి బైరాగీ, గిటారు కొత్తదేటి? ఒళ్ళు జలదరించీసినాదయ్యా!”

తిరుగుదారిలో వ్యానులో బైరాగి జీడినూనె గురించి చెప్పిందే చెప్పాడు. వైకుంఠరావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సునీల్ నిద్రపోయాడు, లేదా పోయినట్టు కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఎన్నడూ లేనిది, ఆ రోజు గౌరీశ్వరి జడలో పూలు సర్ది, బాగున్నావు అన్నాడు. ఆమె తల దించుకుంది.

మర్నాడు షాపులో ఆ గొంతు మళ్ళీ విందామని గిటారు చిన్న బాక్సుకి పెట్టాడు. మీటాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వైరు మార్చాడు, బాక్సు మార్చాడు. మీటరు పెట్టి చూస్తే చుట్ట తెగిపోయింది. పికప్ విప్పితే సంగతి బయటపడింది. మోటారు తీగ మందం, దాని మీది పూత మందం, కాబట్టి జీడినూనె మంటకి తట్టుకుంది. ఈ వెంట్రుక తీగ తట్టుకుంటుందా? పూతంతా తినేసి, లోపలంతా నల్లటి పాకం చేసిపెట్టింది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాదిరా బైరాగీ!” అని తనని తానే తిట్టుకుంటూ గిటారు కొన్నప్పటి పాత పికప్ వెతికి బిగించాడు. శ్రుతి చూడబోయి, ట్యూనరు బ్యాటరీ పోయింది కదా, మార్చాలనుకుంటూనే అలవాటుకొద్దీ దానికి వైరు పెట్టాడు. తీగ మీటాడు. లైటు చక్కగా వెలిగి ఆడింది.

అతని చెయ్యి అక్కడే ఆగింది.

బ్యాటరీ బాగానే ఉంది. అంటే నిన్న పాట మొదలవకముందే పికప్ చచ్చిపోయింది. చచ్చిన గిటారు ఊరంతా ఎలా వినబడింది? వేలు జారినా స్వరం ఎలా జారలేదు? రామూర్తికి ఒళ్ళు జలదరించింది ఎవరి వాయింపుకి?

గిటారు భుజాన వేసుకుని, షాపు తలుపు కూడా వెయ్యకుండా వెళ్ళి గోడౌనులో బాక్సులు తుడుస్తున్న పెంటయ్య చొక్కా పట్టుకున్నాడు. “మిక్సరుల నా లైను ఎప్పట్నుంచి మూసీసినావురా?”

పెంటయ్య నీళ్ళు నమిలాడు. “దసరా కాణ్ణుంచి బావా. సెకింగులో తెరుస్తాను, పాట మొదలైతే మూసేత్తాను. సునీలు కీబోర్డుల గిటారు వాయిత్తాడు. నన్నేటి సెయ్యమంటావు? మీ బావనడుగు.”

దసరా నుంచి! ఎన్ని పికప్పులు, ఎన్ని గొడవలు, ఎంత మురిపెం! కొత్తది పెట్టిన ప్రతిసారీ తేడా తెలుస్తోందని వీడితోనే చెప్పుకున్నాడు. ఏం తేడా? ఎక్కడి తేడా? ఇన్ని నెలలూ స్టేజీ మీద దిష్టిబొమ్మలా నిలబెట్టి, చెవిలో పువ్వు పెట్టి ఊళ్ళు తిప్పారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగ దర్జాగా తన ఇంటి అరుగుమీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు.

“అవును, మూయించినాను” అన్నాడు వైకుంఠరావు, అట్టు తుంచుతూనే. “నీ గోల ఎవులు పడతారు? తీసేద్దామనే అనుకున్నాను. నా సెల్లెలొచ్చి ఏడ్సినాది. ‘ఆడ్ని స్టేజీ దించకు అన్నయ్యా, దించితే మడిసి మిగల్డు’ అన్నాది. దాని మొగం సూసి ఉంచినాను. తప్పేటి?”

బైరాగి నేరుగా ఇంటికొచ్చాడు. గౌరీశ్వరి అప్పుడే బట్టీ నుంచి వచ్చి వేళ్ళకి ఆముదం రాసుకుంటోంది.

“నువ్వేనంట గదే!”

ఆమె బుకాయించలేదు. “నానే. అయితే ఏటి?”

“ముందు సాపమీద కూకుని సప్పట్లు కొట్టినావు గదే! నాను వాయించలేదని తెలిసి కొట్టినావు!”

“కొట్టినాను. నీ మొగం సూసి కొట్టినాను. ఇన్నేళ్ళల నీ మొగం అలగ ఎప్పుడు సూసినాను నాను?”

“నాకు సెప్పాలా వద్దా?”

“సెప్పితే ఇన్నావా?” అంటూ లేచి నిలబడింది. ఆమె గొంతు అంత పెద్దదని అతనికి ఆ రోజే తెలిసింది. “ఒక్కసారి సామెతకి సెప్పినాను, కంచం గోడకి కొట్టినావు. మెతుకులు ఏరుకున్నది ఎవులు? సౌండు బాగోలేదని నీ మొగం మీద సెప్పడానికి ఈ పలాసలో మా అన్నయ్య తప్ప ఇంకెవులికి దమ్మున్నాది? నీ కోపానికి దడిసి అందరూ అబద్ధమాడితే, మాదా తప్పు?”

గిటారు ఇంకా భుజానే ఉంది. దాన్ని తీసి నేలకి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆమె మాటలో ఒక్కటి కూడా అబద్ధం లేదు, అందుకే ఒళ్ళు ఎక్కువ మండింది.

మానెయ్యవచ్చు కదా అంటారు మీరు. మానేస్తే బావ చేతిలో ఓడినట్టు. పైగా బైరాగికి ఇప్పుడు కావలసింది మంచి గొంతు కూడా కాదు. చెడ్డదైనా సరే, రేకుడబ్బా అయినా సరే, ఒక్క పాటకి తన వేళ్ళు జనం చెవిన పడాలి. బాగులేకపోతే బాగులేదని వాళ్ళే అంటారు, అప్పుడు దిగిపోతాడు. ఆ మాట జనం నోట వినాలి, మిక్సరు మీట నుంచి కాదు.

బారువ సంబరం నాడు స్టేజీ ఎక్కకముందు, ఎన్నడూ బతిమాలనివాడు వైకుంఠరావుని పక్కకి పిలిచాడు. “బావా, ఒక్క పాట. నా లైను తెరిపించు. ఎలగుంటే అలగుండనీ.”

“ఈవేళొద్దు బావా. పెద్దోళ్ళంతా ముందు కూకున్నారు. పరువు పోద్ది” అని వైకుంఠరావు కండువా సర్దుకున్నాడు.

పరువట! ఎవరి పరువు?

పాటలు మొదలయ్యాయి. గౌరీశ్వరి చాపల మధ్య కూర్చుంది. ఈసారి చప్పట్లు కొట్టలేదు. అందరూ ఎదురుచూసే పాట వచ్చింది, అందులో గిటారు బిట్టు వచ్చింది. బైరాగి స్టేజీ ముందుకి, దీపాల వెలుతురులోకి నడిచాడు. బిట్టు సగంలో గిటారు మీద నుంచి రెండు చేతులూ తీసేసి, తలమీదకి ఎత్తి, వేళ్ళు విప్పి జనానికి చూపించాడు.

బిట్టు ఆగలేదు. గుండ్రంగా, నిండుగా మోగుతూనే ఉంది. సునీల్ తల ఎత్తి చూసి, తెల్లబోయి, ఆపడానికి ధైర్యం చాలక వాయిస్తూనే ఉన్నాడు.

ఒక్క క్షణం జనం నోళ్ళు తెరిచారు. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు అడుగుతారు అనుకున్నాడు బైరాగి. అప్పుడు వెనక వరసలో ఎవడో ఈల వేశాడు. ఆ వెంటనే ఊరు ఊరంతా లేచింది. ఈలలు, కేకలు. “సేతుల్లేకుండా వాయించీసినాడ్రోయ్!” “ఇంకోపాలి బైరాగీ, ఇంకోపాలి!” ఇన్నేళ్ళలో అతనికి అన్ని చప్పట్లు పడలేదు.

“సూసినారా మా బావ మేజిక్కు!” అని వైకుంఠరావు మైకులో అరిచాడు. అరిచి, మైకు చేత్తో మూసి, దగ్గరికొచ్చి భుజం తట్టాడు. అతని మొహం వెలిగిపోతోంది. “ఏటి బావా, ముందే సెప్పొచ్చు గదా! బెమ్మాండం! ఇంకమీదట ప్రెతీ ఊళ్ళోనూ ఇదే సెయ్యి. కోపం గీపం ఒగ్గేయ్.”

బైరాగి అతని మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా మెళ్ళోంచి గిటారు పట్టీ తీసి, జనమంతా చూస్తుండగా వైకుంఠరావు మెళ్ళో వేశాడు.

“నువ్వే సెయ్యి బావా. దీనికి గిటారు రానక్కర్లేదు.”

మెట్లు దిగాడు. జనం దారిచ్చారు, ఇది కూడా మేజిక్కులో భాగమే అనుకున్నట్టున్నారు. గౌరీశ్వరి చాపమీంచి లేచి, చెంగు దులుపుకుని అతని వెంట నడిచింది.

వెనక పాటలో రెండో బిట్టు వచ్చేసింది. స్టేజీ ముందు, వెలుతురులో, మెళ్ళో గిటారుతో వైకుంఠరావు ఒక్కడే ఉన్నాడు. ముందు వరసలో పెద్దవాళ్ళు కళ్ళప్పగించి చూస్తున్నారు. కాసేపు తీగలమీద వేళ్ళు ఆడించాడు. అవి ఎక్కడ పడుతున్నాయో అతనికే తెలియదు. ఇంక దారి లేక రెండు చేతులూ పైకెత్తాడు. జనం అతనికీ ఈలలేశారు.